ఏం పని మీద?

"అక్కడ యాక్టివిటీస్ ఏమున్నాయి మామా?"

బెంగళూరు నుంచి మా అక్క కొడుకు ఫోన్‌లో అడిగిన మాట అది. నలుగురు స్నేహితులట. శని, ఆదివారాలకు ఇంకో సెలవు కలిసొచ్చిందట. ఉదయగిరి దుర్గం ఎక్కాలని ఉందట. అంతకు ముందు తలకోన పోయి వచ్చారు. శేషాచలం కొండల్లో 1989లో ఏర్పడిన శ్రీ వేంకటేశ్వర జాతీయ ఉద్యానవనంలో ఉంది తలకోన. 270 అడుగుల ఎత్తు నుంచి దూకే ఆ జలపాతాన్ని చూసి, చెట్ల మీద కట్టిన తాళ్ల వంతెన గురించి గంటసేపు చెప్పాడు. ఇప్పుడు మన కొండ వంతు వచ్చిందన్నమాట. నాకు సంతోషమే అయింది. కానీ వాడడిగిన దానికి వెంటనే జవాబు తోచలేదు. "ముందు రండి, చూద్దాం" అని పెట్టేశాను.

ఆ మాట మాత్రం రెండు రోజులు నన్ను వదల్లేదు. యాక్టివిటీ అంటే తెలుగులో ఏమంటాం? ఎంత తిప్పి చూసినా చివరికి 'పని' అనే మాట దగ్గరికే వచ్చాను. అక్కడ ఏం పనులున్నాయి మామా అని అడిగాడు వాడు. అదే ప్రశ్నను మా అవ్వ నా చిన్నప్పుడు ఇంకోలా అడిగేది. నేను చెప్పులేసుకుని పడమటి దారి పట్టానంటే, యాడికి పోతుండావని అడిగేది కాదు. "ఏం పని మీద నాయనా?" అనేది. పని ఉంటే వెళ్ళమనేది, సద్ది కట్టి ఇచ్చేది. లేదంటే ఇంట్లో కూర్చోమనేది.

మా కొండాపురం పేరులోనే కొండ ఉంది గానీ పెద్ద కొండను చూడాలంటే పడమటికి తిరగాలి. మాది మెట్ట. పొగాకు బ్యారన్లు, కంది చేలు, తుమ్మ చెట్లు, చింతలదేవి వైపు పశువుల మేత బీళ్ళు. వాన వెలిసిన సాయంత్రం మబ్బు విడిపోతే ఆకాశం అంచున నీలంగా ఒక గీత లేస్తుంది. అవి వెలిగొండలు. నెల్లూరు సీమకూ కడప సీమకూ మధ్య పెట్టిన గట్టులాగా ఉత్తరం నుంచి దక్షిణానికి సాగుతాయి. ఆ గట్టును కోసుకుని తూర్పుకు రావడానికి పెన్నకు కూడా సోమశిల దగ్గర ఒక్క సందే దొరికింది. చిన్నప్పుడు మాకు ఆ నీలపు గీత అవతల ప్రపంచం లేదు.

ఆ కొండల్లోకి మా వైపు వాళ్ళు పోయేది పని మీదే. గొడ్డు తప్పిపోతే వెతకడానికి, చీపురు పుల్లలకు, తేనెకు, తపసి బంకకు, ఎండాకాలంలో మొర్రి పళ్ళకు, కలివి పళ్ళకు. ఉదయగిరి దిలావర్ భాయి వీధిలో తరాలుగా చెక్క గరిటెలు చేస్తారు కదా, ఆ చెక్కంతా అడవిదే. నర్ది, దేవదారి, బిక్కి, కలివి, పాలబరిక. ఈ పేర్లు ఆ వీధిలో పిల్లలక్కూడా వచ్చు. ఏ చెక్క వేడికి పగలదో, ఏది నూనెకు నల్లబడదో వాళ్ళ చేతులకు తెలుసు. ఇప్పుడు ఆ గరిటెలకు భౌగోళిక గుర్తింపు కూడా వచ్చింది. మా ఇంట్లో నర్ది గరిటె ఒకటుంది. మా అమ్మ దానితోనే పప్పు ఎనిపేది. అమ్మది కుడిచేతి వాటం కావడం వల్ల గరిటె ఒక పక్కే అరిగి, అంచు ఏటవాలుగా అయింది. అడవిలో పెరిగిన కొమ్మకు మా అమ్మ చెయ్యి ఇచ్చిన ఆకారం అది. కొండ నా వంటింట్లో ఉందని ఆ గరిటెను పట్టుకున్నప్పుడల్లా అనిపిస్తుంది.

మరి పని లేనివాడు కొండకు ఎందుకు పోవాలి? ఈ ప్రశ్న చిన్నదిగా కనిపిస్తుంది గానీ కాదు. 1872లో అమెరికాలో ఎల్లోస్టోన్‌ను జాతీయ ఉద్యానవనంగా ప్రకటించారు. జనం వచ్చి చూసి ఆనందించడానికని ఒక నేలను జాతీయ ఉద్యానవనంగా పక్కన పెట్టడం అక్కడ మొదలైంది. ఆ తర్వాత ప్రపంచమంతా ఆ దారి పట్టింది. జపాన్ అటవీ శాఖ 1982లో అడవి స్నానం అనే పేరు పెట్టి, చెట్ల మధ్య ఊరికే తిరగమని జనానికి చెప్పింది. మాకేమో కార్తీక మాసంలో ఉసిరి చెట్టు కింద ఆకు పరుచుకుని తినడం ఎప్పటి నుంచో ఉంది. కానీ దానిక్కూడా ఒక మాసం, ఒక చెట్టు, ఒక పూజ ఉన్నాయి. ఊరికే పోవడం మా వాళ్ళకు అలవాటు లేదు.

ఉదయగిరి దుర్గాన్నే తీసుకుంటే, దాన్ని ఎక్కిన వాళ్ళందరిలోకి పెద్ద పని మీద వచ్చినవాడు శ్రీకృష్ణదేవరాయలు. మూడు వేల అడుగులకు పైబడిన ఆ కొండ అప్పుడు గజపతుల చేతిలో ఉంది. దానికి పోయే దారి ఒక్కటే అనీ, ఒకరి వెనక ఒకరు తప్ప ఇద్దరు పక్కపక్కన నడవలేనంత ఇరుకు అనీ పోర్చుగీసు వర్తకుడు నూనిజ్ రాసి పెట్టాడు. పైన పది వేల మంది కాల్బలం ఉందనీ, ఆకలికి మాడిస్తే తప్ప లొంగే కోట కాదనీ కూడా రాశాడు. రాయలు ఏడాదిన్నర కింద కూర్చున్నాడు. కూర్చుని ఊరుకోలేదు. బండలు పగలగొట్టించి, కొండను తొలిపించి, సైన్యం బురుజుల దాకా పోవడానికి దారులు వేయించాడు. 1514లో కోట లొంగింది. పైన ఉన్న బాలకృష్ణుడి విగ్రహాన్ని కిందికి దింపి హంపికి తీసుకుపోయి, 1515లో దానికోసం గుడి కట్టించాడు. ఆ విగ్రహం ఇప్పుడు చెన్నై ప్రభుత్వ మ్యూజియంలో ఉంది.

నేను చెన్నైలో దాన్ని చూశాను. పక్కన నిలబడిన వాళ్ళు శిల్పం గురించి మాట్లాడుకుంటుంటే, నాకు మాత్రం దాన్ని మోసుకుని ఆ ఇరుకు దారిలో దిగిన మనుషులు గుర్తొచ్చారు. ఎన్ని చోట్ల దించి దమ్ము తీసుకుని ఉంటారు? ఏ మలుపులో ఎవరి కాలు జారి ఉంటుంది? దుర్గం దారి నడిచినవాడికే ఇలాంటి ఆలోచన వస్తుందేమో. పుస్తకంలో ఏడాదిన్నర ముట్టడి అని ఒక్క వాక్యంలో చదివేస్తాం. నడుస్తుంటే ఆ ఏడాదిన్నర మోకాళ్ళకు తెలుస్తుంది.

ఇక పని లేకుండా కొండలెక్కిన మనిషి అంటే మా వైపు ఒకే పేరు చెప్పుకుంటారు. మల్లి మస్తాన్ బాబు. ఆత్మకూరుకు దగ్గర్లోని సంగం మండలం గాంధీజనసంఘం అతని ఊరు. కోరుకొండ సైనిక్ స్కూల్, ఖరగ్‌పూర్ ఐఐటీ, కలకత్తా ఐఐఎం. ఆ చదువుతో ఏ ఉద్యోగమైనా చేసుకోవచ్చు. అతను కొండలు ఎక్కాడు. 2006లో ఏడు ఖండాల్లోని ఏడు ఎత్తయిన శిఖరాలను 172 రోజుల్లో ఎక్కేశాడు. 2015 మార్చిలో ఆండీస్ పర్వతాల్లో ప్రాణం వదిలాడు. అతని శరీరం సొంత ఊరికి వచ్చిన రోజుల్లో మా ఊళ్ళో టీ కొట్టు దగ్గర ఒక పెద్దాయన చాలాసేపు మాట్లాడకుండా కూర్చుని, చివరికి, "అంత చదువు చదివినోడికి ఆ మంచు మీద ఏం పనబ్బా" అన్నాడు. ఆ మాటలో నింద లేదు, దుఃఖమే ఉంది. మా అవ్వ ప్రశ్నే అది. నా దగ్గర అప్పుడూ జవాబు లేదు.

జవాబులాంటిది నాకు ఒక పిట్ట కథలో దొరికింది. పంతొమ్మిదో శతాబ్దంలో జెర్డన్ అనే ఆంగ్ల వైద్యుడు నెల్లూరులో పనిచేశాడు. రోగులను చూడటం ఆయన ఉద్యోగం. పిట్టలు చూడమని ఆయనకు ఎవరూ జీతం ఇవ్వలేదు. అయినా తిరిగాడు. నెల్లూరు, కడప సీమల మధ్య ఈ రాతి నేలల్లో, పొదల అడవుల్లో పొడుగు కాళ్ళతో పరుగులు తీసే ఒక పిట్టను గుర్తించాడు. 1848లో అది శాస్త్రలోకానికి తెలిసింది. దాని రొమ్ము మీద రెండు పట్టీలుంటాయి. రాత్రిపూట తిరుగుతుంది. కలివి పొదల్లో మసులుతుంది కాబట్టి కలివి కోడి అంటాం. 1900 తర్వాత అది ఎవరికీ కనిపించలేదు. అంతరించిపోయిందనే అనుకున్నారు. 1986లో కడప జిల్లా సిద్దవటం దగ్గర రెడ్డిపల్లె అడవిలో మళ్ళీ దొరికింది. వెతుకుతూ వచ్చింది బాంబే నేచురల్ హిస్టరీ సొసైటీ శాస్త్రవేత్త. దొరికించింది మాత్రం రాత్రిపూట లైటు వేసి పిట్టలు పట్టుకునే ఆ ఊరి మనిషి.

ఈ కథలో నన్ను పట్టుకున్నది పిట్ట ఒక్కటే కాదు. చదువుకున్న వాళ్ళు ఎనభై ఏళ్ళు పైగా కనబడలేదన్న పిట్ట, పని మీద రాత్రిళ్ళు అడవిలో తిరిగేవాడికి తెలుసు. అయితే దాని విలువ ఎంతో అతనికి చెప్పినవాళ్ళు లేరు. విలువ తెలిసినవాడికి అది ఎక్కడుందో తెలియదు. ఇద్దరూ ఒక రాత్రి ఒక దారిలో నడిస్తేనే ఆ పిట్ట మనకు దక్కింది. కొండకు వచ్చే చూపరి చేయదగ్గది ఇదేనని నాకు అనిపిస్తుంది. పని ఉన్నవాడి వెనకాల, పని లేనివాడు నడవడం. అతని కాలు ఎక్కడ పడితే అక్కడ కాలు పెట్టడం, అతను ఆగిన చోట ఆగడం.

నేను దుర్గం ఎక్కింది అలాగే. ముందు రెండు మూడుసార్లు స్నేహితులతో గబగబా ఎక్కి, గోడలు చూసి, మసీదు చూసి, పైనుంచి ఊరును చూసి, ఫొటోలు తీసుకుని దిగాం. ఏమీ గుర్తు లేదు. నాలుగోసారి కార్తీకంలో ఒక మేకల కాపరి వెంట పోయాను. మా బంధువుల వైపు తెలిసినవాడు, మామ అని పిలుస్తాను. అరవై దాటాయి. భుజాన దోటి, నడుముకు తువ్వాలు, చేతిలో సద్ది టిఫిను. ముందు మేకలు, వాటి వెనక మామ, మామ వెనక నేను.

గంటన్నర దారికి మాకు నాలుగు గంటలు పట్టింది. మామ రొప్పడం నేను చూడలేదు. ఎందుకంటే రొప్పు రాకముందే ఆగుతాడు. ఆగి, ఒక కొమ్మను దోటితో వంచుతాడు. మేకలు మేస్తాయి. ఆ మేసేంతసేపే మా విశ్రాంతి. మేకలు వదిలేసిన ఆకు ఏదో చూపించి, వానలు తగ్గాయని దానివల్ల తెలుస్తుందని చెప్పాడు. ఒకచోట చెయ్యి చాపి నన్ను ఆపాడు. దారికి అడ్డంగా ఏమీ లేదు. నిమిషం తర్వాత రాళ్ళ సందులోంచి ఉడుము తల బయటికి పెట్టి, మమ్మల్ని చూసి మళ్ళీ లోపలికి పోయింది. "దాని దారి అది. పోనిచ్చి పోదాం" అన్నాడు. కూలిన గోడ దగ్గర చెప్పులు విడిచి చేతబట్టుకున్నాడు. అక్కడ గుడీ లేదు, గోరీ లేదు. ఎందుకు మామా అంటే, "మా నాయన ఇడిచేవోడు" అన్నాడు అంతే.

మెట్ల దారి మలుపులో ఒక మేకపిల్ల కుంటడం మొదలుపెట్టింది. మామ దాన్ని ఒళ్ళో వేసుకుని గిట్టను పైకెత్తి చూశాడు. గిట్టల మధ్య మెత్తటి చోట గోధుమరంగు గాజు ముక్క. పైకి గోరంత కనిపిస్తోంది, లోపల ఎంతుందో. దాన్ని లాగేటప్పుడు పిల్ల అరవలేదు, మామ చొక్కాను నోటితో పట్టుకుంది. ఆకు నలిపి పసరు పిండి, తువ్వాలు అంచు చింపి కట్టాడు. ఆ తర్వాత లేచి, మెట్టు మెట్టూ వంగి చూస్తూ గాజు ఏరడం మొదలుపెట్టాడు. నేనూ ఏరాను. ఎవరో బండమీద కూర్చుని తాగి, సీసాను అదే బండకు కొట్టిన చోటు అది. పెద్ద ముక్కలు సులువే, సన్నవే కష్టం. ఎండ పడినప్పుడు మెరుస్తాయి, మబ్బు కమ్మితే కనిపించవు. మబ్బు పోయేదాకా కూర్చుని మళ్ళీ ఏరాం. ఆ ముక్కలన్నీ తువ్వాల్లో మూటగట్టి సాయంత్రం కిందికి తెచ్చాడు మామ. తిట్టలేదు. "ఏం పని మీద వొచ్చినారో, ఏంటికి వొచ్చినారో" అని మాత్రం ఒకసారి అనుకున్నాడు.

ఆ రోజు నుంచి నాకు ఒకటి గట్టిగా అనిపిస్తోంది. దుర్గానికి తీగల మీద పెట్టెలు అక్కర్లేదు, వెలుగు దీపాల తోరణాలు అక్కర్లేదు. కింద తాగడానికి నీళ్ళు, ఒక మరుగుదొడ్డి, దారి తప్పకుండా అక్కడక్కడా గుర్తులు ఉంటే చాలు. వచ్చిన ప్రతి గుంపు వెంటా రోజు కూలి ఇచ్చి ఊరి మనిషి ఒకరిని పంపాలి. ఆ మనిషి గైడులా తారీఖులు అప్పజెప్పనక్కర్లేదు. ముందు నడిస్తే చాలు.

కొండకు వచ్చినవాళ్ళకు పని అప్పజెప్పడం మా వైపు కోనలకు బాగా తెలుసు. సీతారామపురం దాటి అడవిలోకి పోతే ఘటిక సిద్ధేశ్వరం ఉంది. అవధూత కాశినాయన ఆ మండలంలోని బెడుసుపల్లిలోనే పుట్టాడు. ఆయన తిరిగిన చోటల్లా అన్నం పెట్టడం ఆనవాయితీ. అడవిలో ఎవరొచ్చినా ఆకు వేస్తారు. నేను పోయినప్పుడు తిని లేచిన వాళ్ళలో నలుగురు ఎవరూ చెప్పకుండానే వడ్డించడానికి పోయారు. ఒకావిడ నా చేతిలో నీళ్ళ బకెట్ పెట్టి, "ఆ వరసకు పొయ్ నాయనా" అంది. పరాయి చోటికి చూడటానికి వచ్చిన నేను పది నిమిషాల్లో ఆ ఇంటి మనిషినైపోయాను. భైరవకోనలో, ఒకే కొండను తొలిచి ఎనిమిది శివాలయాలు చేసిన శిల్పుల పని చూస్తూ ఎంతసేపు నిలబడ్డా ఆ దగ్గరితనం కలగలేదు నాకు. అక్కడ కలిగింది భక్తి. పెంచలకోనలో వాగు దాటేటప్పుడు ముక్కూ మొహం తెలియని ముసలమ్మ నా చెయ్యి పట్టుకున్నప్పుడు ఆ దగ్గరితనం మళ్ళీ కలిగింది. తుంబురు తీర్థానికి ఫాల్గుణ పౌర్ణమికి రాళ్ళ మీద నడిచే వేల మందిలో కూడా చూశాను, ముందున్నవాడు వెనకున్నవాడికి చెయ్యి ఇవ్వకుండా కదలడు.

అక్క కొడుకుకు రాత్రి కూర్చుని పెద్ద మెసేజ్ పెట్టాను. మార్చి వచ్చాక రావొద్దు, బోద గడ్డి ఎండిపోయి ఉంటుంది, బీడీ ముక్కకు కొండంతా అంటుకుంటుంది. కార్తీకం నుంచి సంక్రాంతి దాకా మంచి కాలం. మనిషికి మూడు లీటర్ల నీళ్ళు. లోపలి అడవిలోకి అటవీ శాఖ అనుమతి లేకుండా అడుగు పెట్టొద్దు. ఇవి ఎర్రచందనం పెరిగే కొండలు, ప్రపంచంలో ఇంకెక్కడా సహజంగా పెరగని మాను, దానికోసం రాత్రిళ్ళు గొడ్డళ్ళతో తిరిగేవాళ్ళున్నారు. వీపున సంచి వేసుకుని పొదల్లో తిరిగే కొత్త మనిషిని చెక్‌పోస్టు వాళ్ళు అనుమానించకుండా ఎలా ఉంటారు? స్పీకరు తేవొద్దు. సీసా తేవొద్దు. చివర్లో, యాక్టివిటీ సంగతి వచ్చాక చెప్తానని రాశాను.

వచ్చారు. నలుగురూ మంచి పిల్లలు. తెల్లారి అయిదింటికి దుర్గం కింద మామకు అప్పగించాను, నేనూ వెంట నడిచాను. మామ వాళ్ళను పైనుంచి కిందికి చూసి, "ఏం పని మీద వొచ్చినారు నాయనా?" అన్నాడు. నలుగురూ ఒకరి మొహాలు ఒకరు చూసుకున్నారు. "ఊరికే మామా, చూద్దామని" అన్నాడు మా వాడు. "మంచిదే" అన్నాడు మామ. నడిచాం.

సగం దారిలో, పొద్దు కాస్త పైకెక్కేవేళ, ఒక సూడి మేక కనిపించలేదు. ఈతకు దగ్గర పడిందట. అలాంటిది మంద విడిచి ఏ పొద చాటుకో పోతుందట. మామ చెవి ఒగ్గి కాసేపు విన్నాడు. తర్వాత చేతిలోని దోటిని మా వాడికి ఇచ్చాడు. "నేను ఇట్టా పోయొస్తా. ఈటిని జూస్తుండు. అరవై మూడుండాయి. కిందికి దిగనీబాక" అన్నాడు. మా వాడు ఏదో అడగబోయేలోగా బండల మీదుగా మాయమైపోయాడు.

గంట గడిచింది. ఆ గంటలో నలుగురిలో ఎవరూ ఫోన్ బయటికి తీయలేదు. ఒకడు కింది మలుపులో నిలబడ్డాడు, ఇంకొకడు పై బండ మీద. మా వాడు దోటి అందుకుని తుమ్మ కొమ్మ వంచబోతే అది చేతికి రాలేదు. రెండోసారి పట్టు మార్చి వంచాడు. మేకలు చుట్టూ మూగాయి. వాటి మధ్య నిలబడి వేలుపెట్టి లెక్కపెట్టడం మొదలుపెట్టాడు. మధ్యలో ఒకటి కదిలితే లెక్క పోయేది. మళ్ళీ మొదటి నుంచి. యాభై తొమ్మిదని ఒకసారి, అరవై నాలుగని ఒకసారి వచ్చింది. చెమటకు చొక్కా వీపుకు అంటుకుపోయింది.

మామ వచ్చాడు. ముందు మేక నడుస్తోంది, మామ చేతుల్లో ఇంకా తడి ఆరని పిల్ల ఉంది. మా వాడు ఎదురుపోయి, "అరవై మూడూ ఉన్నాయి మామా" అన్నాడు.

మామ పిల్లను వాడి చేతుల్లో పెట్టి, తాను ఇంకోసారి లెక్కపెట్టుకున్నాడు.